కింది ఊరి కబుర్లు

ఆ దీవి మొత్తానికి టైలరమ్మ ఒక్కతే. పడవల రేవు నుంచి పైకి వెళ్లే మెట్ల దారిలో, డిస్పెన్సరీకి ఎదురుగా రెండు గదుల ఇల్లు ఆమెది. ముందు గదే కొట్టు. కిటికీ పక్కన కాలిమిషను, గోడ మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు, నేల మీద గుడ్డపీలికలు, బల్ల మీద ఎవరూ ముట్టుకోకూడని పెద్ద కత్తెర. స్కూలు పిల్లల యూనిఫారాలు, పడవల మీద కప్పే టార్పాలిన్లు, పోస్టుమాస్టరు ప్యాంట్లకు నడుము వదులు చేయడం, అన్నీ ఆ మిషను మీదికే వచ్చేవి.

ఆమెకు కోపం ముక్కు మీద ఉండేది. "పోయినసారి మీరు కుట్టిన ప్యాంటు బిగుతైపోయిందమ్మా, గుడ్డ మంచిది కాదేమో" అని పోస్టుమాస్టరు నసిగితే, "గుడ్డ అక్కడే ఉంది సార్, మీరే ముందుకొచ్చారు" అని ముఖం మీదే అనేసేది. ఆయన మూతి ముడుచుకుని వెళ్లేవాడు. మళ్లీ వచ్చేవాడు. రాక ఏం చేస్తాడు? ఇంకో టైలరు కావాలంటే లాంచీ ఎక్కి సగం రోజు ప్రయాణం చెయ్యాలి.

ఆ లాంచీ అంటేనే టైలరమ్మకు గిట్టదు.

కొత్త కోడలిగా ఆమె దీవికి వచ్చిన రోజు సముద్రం మహా రేగిపోయి ఉంది. లాంచీలో కక్కకుండా మిగిలినవాడు డ్రైవరొక్కడే. రేవులో దించగానే ఆమె ఇసుకలో కూలబడి, కళ్లు తుడుచుకుని, కట్టుకున్నవాడి వంక చూసి, పెళ్లయ్యాక మొదటిసారిగా నోరు విప్పింది.

"చచ్చినా ఇక నేను దీన్నెక్కను."

"ఎక్కొద్దులే" అన్నాడతను.

అతను మాటవరసకి అన్నాడు. ఆమె మాటవరసకి అనలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, లాంచీలు రెండు మూడు మారాయి, ఆమె మాత్రం దీవి దాటలేదు. పురుడు దీవిలోనే పోసుకుంది. అక్కచెల్లెళ్లే ఆమెను చూడ్డానికి పిల్లలతో సహా కక్కుకుంటూ వచ్చేవాళ్లు. లాంచీ సంగతి అలా ఉంచితే, చీలమండ దాటి నీళ్లలో దిగేది కాదు. చుట్టూ నీళ్లే ఉన్న చోట నీళ్లకు అంత దూరంగా బతకడం కూడా ఒక విద్యేనని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడేమో పొద్దస్తమానం నీళ్లలో ఉండేవాడు. రాళ్ల మధ్య లంగరు ఇరుక్కుపోయినా, పడవ పంకాకు వల చుట్టుకున్నా, పడవ అడుగున పట్టిన గుల్లలు గీకాలన్నా అతన్నే పిలిచేవాళ్లు. గుండెల నిండా గాలి పీల్చుకుని బుడుంగున మునిగేవాడు. ఒడ్డున ఉన్నవాళ్లకు కంగారు పుట్టేంతసేపు ఆగి, ఎవరూ అనుకోని చోట తేలేవాడు. అందుకే అతన్ని చిన్నా పెద్దా అందరూ బుడుంగు అనేవాళ్లు. అతనికి అసలు పేరొకటి ఉందన్న సంగతి ఓట్లప్పుడే ఊరికి గుర్తొచ్చేది.

దీవికి పడమటి వైపు, లైట్‌హౌసు రాళ్లు దాటాక, నీటి అడుగున ఒక చోటు ఉంది. గాలి లేని రోజున పడవ మీంచి వంగి చూస్తే నల్లటి గీతలు కనిపిస్తాయి. సముద్రంలో మామూలుగా ఏదీ తిన్నగా ఉండదు కదా, ఆ గీతలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. గోడల్లాంటివి, మెట్లలాంటివి, ఎదురెదురుగా నిలబెట్టిన స్తంభాల్లాంటివి. ఎవరు కట్టారో, ఎప్పుడు మునిగిందో, అసలెవరైనా కట్టారో లేదో ఎవరికీ తెలియదు. దీవివాళ్లు దాన్ని కింది ఊరు అంటారు. భూకంపంలో కుంగిందని కొందరు, సముద్రం మింగిందని కొందరు చెప్పుకునేవాళ్లు. లంగరు అక్కడ పడితే మాత్రం తప్పకుండా ఇరుక్కుంటుంది. బుడుంగుకు ఎక్కువ పని అక్కడే తగిలేది.

పెళ్లైన కొత్తలో టైలరమ్మ ఎప్పుడు చూసినా కళ్లు ఒత్తుకుంటూ ఉండేది. పుట్టింటి మీద బెంగ. ఓ సాయంత్రం బుడుంగు తల తుడుచుకుంటూ వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"కింది ఊళ్లో కూడా ఓ టైలరమ్మ ఉందే" అన్నాడు.

ఆమె తలెత్తలేదు.

"వీధి మలుపులో మూలకొట్టు. రాతి బల్ల వేసుకుంది. నీలాగే మూతి ముడుచుకుని కూర్చుంటుంది."

"చేపలకి చొక్కాలు కుడుతుందా?" అంది ఆమె వెటకారంగా.

"చేపలతో పేచీ లేదు. పీతలతోనే చావు. పైజామా కుట్టమని వస్తాయి. ఎన్ని కాళ్లో లెక్క తేలక నెత్తి కొట్టుకుంటోంది పాపం."

టైలరమ్మ పెదవి బిగించింది. లాభం లేకపోయింది. సూది గుచ్చుకునేంతగా నవ్వింది. దీవికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక అప్పట్నుంచి అదో అలవాటైపోయింది. బుడుంగు పడమటి వైపు వెళ్లొచ్చిన రోజల్లా కింది ఊరి కబుర్లు తెచ్చేవాడు. అక్కడి టైలరమ్మకు ఓ మొగుడున్నాడు. వాడు ఒట్టి సోమరి, స్తంభానికి ఆనుకుని నిద్రపోతాడు. పక్కింట్లో ఒక పీత ఉంది, దానికి ఊళ్లో సంగతులన్నీ తెలుసు, కానీ ఏ మాటా నేరుగా చెప్పదు, అడ్డంగానే పోతుంది. ఓసారి కింది టైలరమ్మ కత్తెర పోయింది, ఊరంతా వెతికారు. ఓసారి ఆమెకూ మొగుడికీ మాటల్లేవు, పీత మధ్యవర్తిత్వం చేసి గొడవ రెండింతలు చేసింది. టైలరమ్మ మిషను తొక్కుతూ వినేది. "ఆ మొగుణ్ణి అలా వదిలేస్తే ఎలా? నాలుగు తగిలించమను" అని సలహాలు పంపేది. "చెప్తాలే" అనేవాడు బుడుంగు. మర్నాడు వచ్చి, "చెప్పాను. ఆల్రెడీ తగిలించిందట" అనేవాడు.

వాళ్లకు పుట్టిన ఒక్క కూతురూ ఆ కబుర్లు వింటూనే పెరిగింది. కాస్త తెలివి వచ్చాక నిలదీసింది.

"నాన్నా, ఇదంతా నిజమేనా?"

"నీళ్లలో బతికేవాణ్ణి. అబద్ధమాడితే మునిగిపోనూ?"

"నీ పనే మునగడం కదా నాన్నా!"

టైలరమ్మ ఆ రోజంతా తల్చుకుని తల్చుకుని నవ్వింది. తను మాత్రం నిజమా అని ఎన్నడూ అడగలేదు.

కూతురు నర్సు చదువు చదువుకుని, ఎదురుగా ఉన్న డిస్పెన్సరీలోనే ఉద్యోగం వేయించుకుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే ఆ సంగతి జరిగింది. బుడుంగుకు జలుబు చేసి ముక్కులు బిగుసుకుపోయి ఉన్నాయి. పడమటి వైపు ఒక పడవ లంగరు ఇరుక్కుందని కబురొచ్చింది. "జలుబుతో మునగొద్దు నాన్నా, చెవులు పోతాయి" అని కూతురు కిటికీలోంచి అరుస్తూనే ఉంది. "ఇదిగో వచ్చేస్తా" అని వెళ్లాడు. లంగరు ఊడదీసి పైకి తేలేసరికి కుడి చెవిలోంచి నెత్తురు కారుతోంది. పడవ అంచు పట్టుకోబోయి రెండుసార్లు గాలిని పట్టుకున్నాడు.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవాళ్టి లాంచీకే" అంది కూతురు.

టైలరమ్మ సంచి సర్దింది. రేవు దాకా మొగుడి జబ్బ పట్టుకుని నడిపించింది. లాంచీకి వేసిన చెక్క మీద ఒక కాలు పెట్టింది. కింద నీళ్లు కదిలాయి. రెండో కాలు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. వెనక జనం, ముందు కూతురు, తలకు గుడ్డ కట్టుకుని వంగి కూర్చున్న మొగుడు.

"ఇంటికెళ్లవే" అన్నాడు బుడుంగు లోపల్నుంచి. "మిషను మీద పోస్టుమాస్టరు ప్యాంటుంది. ఆయనసలే తొందరపెడుతున్నాడు."

లాంచీ వెళ్లిపోయింది. ఆ రోజు టైలరమ్మ పోస్టుమాస్టరు ప్యాంటుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేసింది. ఆయన వచ్చి, చూసి, ఏమీ అనకుండా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఆ ఒక్కసారే ఆయన ఆమె మీద గెలిచే అవకాశం వదులుకున్నాడు.

బుడుంగు తిరిగొచ్చాడు. కుడి చెవి వినికిడి పోయింది. తల ముంచడం ఇక జన్మలో కుదరదని డాక్టర్లు గట్టిగా చెప్పారట. ఎందుకు రాలేదని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ అడగకపోవడమే ఆమెకు ముల్లులా లోపల ఉండిపోయింది.

ఇల్లు మూగబోయింది. పొద్దుటే లేవడం, రేవు దాకా వెళ్లి తిరిగి రావడం, స్టూలు మీద కూర్చోవడం, అంతే అతని దినచర్య. ఓ సాయంత్రం ఆమే కదిపింది.

"కింది ఊళ్లో ఏం జరుగుతోందో ఏమో?"

"నాకేం తెలుసు" అన్నాడు. "వెళ్లేవాడు కదా చెప్పేది."

ఆ ఎండాకాలంలో పై ఊళ్ల నుంచి ఒక బృందం దిగింది. ఎవరో తీసిన ఫొటోలు చూసి కింది ఊరి సంగతి తేల్చడానికి వచ్చారు. స్కూలుకు సెలవులు కనుక హాల్లో మకాం పెట్టారు. వాళ్లకు పెద్ద ఒక మేడమ్. నలభై దాటి ఉంటాయి, ఎండకు ముక్కు తోలు ఊడిపోయి ఉండేది, చేతిలో ఎప్పుడూ టీ గ్లాసు. ఆమె పక్కన ఒక గెడ్డం మాస్టారు. మనుషులు కట్టిన ఊరే ఇది అని మేడమ్ అంటుంది. రాయి దానంతటదే పొరలు పొరలుగా చీలి అలా తయారైంది, ఊరూ లేదు పాడూ లేదు అని మాస్టారు అంటాడు. కలిసి మునిగేవాళ్లు, కలిసి తేలేవాళ్లు, తేలగానే పోట్లాడుకునేవాళ్లు. వాళ్ల గొంతులు రేవు దాకా వినిపించేవి. చూసిన రాయి ఒకటే అయినప్పుడు ఇంత గొడవేమిటని ఊరివాళ్లకు వింత.

రాళ్లకు గీరుకుని వాళ్ల రబ్బరు సూట్లు చిరిగేవి. చిరిగిన సూట్లు టైలరమ్మ దగ్గరికే వచ్చేవి. లావుపాటి సూది, టార్పాలిన్లు కుట్టే మైనపు దారం వేసి, కుట్టు మీద జిగురు పూసి ఇచ్చేది. మేడమ్ తనే తెచ్చి, తనే కూర్చుని, సూటు ఆరేదాకా కబుర్లు చెప్పేది.

"మీరెప్పుడూ చూడలేదా అక్కా? ఇంత పక్కనే ఉండి?" అని ఒకరోజు అడిగింది.

"నీళ్లంటే నాకు చచ్చేంత భయం మేడమ్. అయినా చూడ్డమెందుకు? అక్కడి సంగతులన్నీ నాకు తెలుసు, మా ఆయన చెప్పాడు" అని, మూలకొట్టు దగ్గర్నుంచి పీత దాకా చెప్పుకొచ్చింది. చెప్తుంటే తనకే చిన్నతనం అనిపించింది. కానీ మేడమ్ నవ్వలేదు.

"పొద్దుటి నుంచీ మా మాస్టారు సున్నపురాయి గురించి చెప్తూనే ఉన్నాడు" అంది. "నాకు ఈ ఊరే బాగుంది. రండి, పైనుంచే చూద్దురుగాని. మునగక్కర్లేదు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తేలితే చాలు, అంతా కనిపిస్తుంది."

"నా తలరాతలో తేలడం లేదు మేడమ్" అని తీసిపారేసింది టైలరమ్మ.

ఆ సాయంత్రం ఆమె తల తిప్పి చూస్తే, బుడుంగు గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, తెల్లవి తెల్లవిగా నల్లవి నల్లవిగా ఏరుతున్నాడు. పోనీలే, కాలక్షేపం అనుకుంది. ఏరడం అయిపోయింది. అతను కాసేపు వాటి వంక చూసి, అన్నిటినీ మళ్లీ డబ్బాలో పోసి, కలియబెట్టి, మొదట్నుంచీ ఏరడం మొదలెట్టాడు.

ఆమె కాళ్ల కింద మిషను ఆగిపోయింది.

మర్నాడు పొద్దున టీ ఇస్తూ అడిగింది. "ఏమయ్యా, ఈత నేర్పుతావా?"

"గీతా? ఏం గీత?"

"గీత కాదు, ఈత!"

"సుద్దముక్క నీ బల్ల మీదే ఉందిగా, నువ్వే గీసుకో."

"ఈతయ్యా, ఈత! నీళ్లలో ఈత!" అని ఆమె అరిచిన అరుపుకు డిస్పెన్సరీలో సూది వేయించుకుంటున్న మనిషి సహా వీధంతా బయటికొచ్చింది. బుడుంగు టీ ఒలికిపోయింది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. ఏం, నేను మనిషిని కానా?"

ముందు ఈతబట్టలు కుట్టుకుంది. గొడుగు గుడ్డతో, మెడ దాకా, మోకాళ్ల దాకా, పొడుగు చేతులతో. పనిలో పనిగా రెండు వైపులా జేబులు కూడా పెట్టింది. జేబు లేని బట్ట ఆమె దృష్టిలో సగం బట్టే. నీళ్లలో దిగగానే ఆ జేబులు బుంగల్లా నిండి ఆమెను ఒక పక్కకు లాగేశాయి. బుడుంగు నడుంలోతు నీళ్లలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను అలా నవ్వడం చూడలేదేమో, ఆమె కోప్పడడం కూడా మర్చిపోయింది. ఆ జేబులు రెండూ ఒడ్డునే కత్తిరించేసింది.

రేవు పక్కన, అలలు పెద్దగా రాని చిన్న మడుగులో పాఠాలు జరిగేవి. అతను తల ముంచకూడదు కనుక నిలబడే చెప్పేవాడు. ఆమె వెల్లకిలా పడుకుంటే వీపు కింద అరచెయ్యి ఆనించేవాడు.

"చెయ్యి తీస్తే చంపేస్తాను" అనేది.

"తియ్యను."

"తీస్తావు. నాకు తెలుసు నీ సంగతి."

అతను నిజంగానే తియ్యలేదు. చాలా రోజులు తియ్యలేదు. చివరికి ఒకరోజు ఆమెకే ధైర్యం వచ్చి, "ఇక తియ్యి" అంది. అతను తియ్యలేదు. వినపడని చెవి అటు వైపు ఉంది మరి. "తియ్యమంటుంటే!" అని గట్టిగా అరవబోయి, గుటకెడు ఉప్పునీళ్లు మింగి, లేచి నిలబడి అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిడుతూ తిడుతూ చూసుకుంటే గుండెలోతు నీళ్లలో ఏ పట్టూ లేకుండా నిలబడి ఉంది.

కూతురు డిస్పెన్సరీ కిటికీలోంచి ఇదంతా చూస్తూ, వచ్చిన రోగులను కాసేపు కూర్చోమనేది.

కింది ఊరికి వెళ్లే రోజున గాలి లేదు. మేడమ్ పడవలో ఆమె కళ్లు మూసుకుని ఎక్కింది. బుడుంగు చెయ్యి ఆసరా ఇచ్చి తనూ ఎక్కాడు. సగం దారిలో ఆమె పడవ అంచు మీంచి వంగి కక్కింది. కక్కి, నోరు కడుక్కుని, కాసేపు ఆయాసపడి, "ఇంతేనా?" అనుకుంది. ఇన్నేళ్లు తను భయపడింది దీనికేనా?

లైఫ్ జాకెట్ కట్టారు. దానికి ఒక తాడు ముడివేసి రెండో కొస బుడుంగు చేతికిచ్చారు. మేడమ్ చెయ్యి పట్టుకుని టైలరమ్మ నీళ్లలో దిగి, ముఖం ముంచింది.

మొదట తన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత కళ్లు అలవాటుపడ్డాయి. కింద, ఎండ వలలా పరుచుకున్న నీళ్లలో, మెట్లు. పెద్దవి. మనుషులెక్కే మెట్లలా లేవు, ఒక్కోటి నడుమెత్తు. అంచులు ఇస్త్రీ పెట్టి మడిచినట్టు తిన్నగా ఉన్నాయి. మెట్ల పక్కన గోడ, గోడ పొడుగునా వీధిలాంటి సందు. ఆ సందు చివర ఎదురెదురుగా రెండు స్తంభాలు. ఒక చేపల గుంపు వాటి మధ్య నుంచి దూరి, అటు వెళ్లి, ఏం గుర్తొచ్చిందో వెనక్కి వచ్చింది. ఎవరైనా కట్టారో, రాయే అలా పుట్టిందో ఆమెకు తెలియలేదు. ఏదైనా సరే, చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

వీధికి ఒక మలుపు ఉంది. ఆమె మేడమ్ చెయ్యి లాగి అటు చూపించింది. ఇద్దరూ మెల్లగా ఆ మలుపు మీదికి తేలారు.

అక్కడ ఏమీ లేదు. బల్ల లేదు, కొట్టు లేదు. ఇసుక మేట వేసి ఉంది. దాని అవతల నేల ఒక్కసారిగా అంచు తెగినట్టు దిగిపోయి, నీలం, ఆ తర్వాత నలుపు.

ఉండదని ఆమెకు తెలియదా? పిచ్చిదేం కాదు. అయినా ఎక్కడో చిన్న ఆశ ఉన్నట్టుంది, అది చప్పున చల్లారింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ చోట అలికిడి లేదు. పలకరించే ప్రాణి లేదు. ఆ నల్లటి లోతు పక్కనే అతను ఒక్కడూ, ఊపిరి బిగబట్టి, ఎవరి లంగర్లో పీకుతూ ఇన్నేళ్లు తిరిగాడు. అతనికీ భయం వేసే ఉంటుంది. అలాంటి చోటి నుంచి ఇంటికొచ్చి, తల తుడుచుకుని, మిషను పక్కన కూర్చుని, ఆమె నవ్వేదాకా పీతలకు పైజామాలు కుట్టించేవాడు.

అద్దంలోపల కళ్లు మసకబారాయి. నీళ్లు లోపలికొస్తున్నాయేమోనని మేడమ్ కంగారుపడి ఆమెను పడవ వైపు తిప్పింది.

పైకి లాగి కూర్చోబెట్టగానే గెడ్డం మాస్టారు ఉండబట్టలేకపోయాడు. "మీరు చెప్పండి టైలరమ్మగారూ. కట్టిందా, పుట్టిందా?"

"ఏమో సార్. ఆ మెట్లు ఎవరి కాళ్లకి పనికొస్తాయో నాకు అర్థం కాలేదు."

"మొదటి రోజు నుంచీ మేం కొట్టుకుంటోంది దాని గురించే" అంది మేడమ్, తల తుడుచుకుంటూ.

బుడుంగు మాత్రం ఏమీ అడగలేదు. ఆమె వైపు చూడను కూడా లేదు. తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు. చుట్టేసిన తాడునే విప్పి మళ్లీ చుట్టాడు. ఆమె వెళ్లి అతనికి ఎడమ పక్కన, వినపడే చెవి వైపు కూర్చుంది.

"చూశాను" అంది.

"ఊఁ."

"కొట్టు మూసుంది."

తాడు ఆగింది. "ఏంటీ?"

"మూలకొట్టయ్యా. తాళం వేసి ఉంది. ఇంతదూరం కక్కుకుంటూ వస్తే మనిషి లేదు. పక్కింటి పీతనడిగాను. ఆవిడ మొగుడికి ఒంట్లో బాలేదట, పెద్దాసుపత్రికి వెళ్లారట."

బుడుంగు మెల్లగా తల తిప్పాడు. "ఇద్దరూనా?"

"ఇద్దరూ. ఆవిడ కూడా వెళ్లింది. మొగుణ్ణి ఒంటరిగా పంపిస్తుందేంటి?"

అతను సముద్రం వైపు చూశాడు. గెడ్డం మాస్టారు ఏదో అనబోతే మేడమ్ అతని కాలు తొక్కింది. బుడుంగు, "మరి ఎప్పుడొస్తారట?" అన్నాడు.

"పీత ఏనాడైనా నేరుగా చెప్పి చచ్చిందా?"

ముందు అతని భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వు వచ్చింది, పెద్దగా, పడవ ఊగేంతగా. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఊగుతున్నందుకు మాత్రం కాదు.

ఆ సీజనంతా గాలి లేని రోజల్లా ఆమె వెళ్లింది. సాయంత్రాలు ఆమె మిషను తొక్కుతూ కబుర్లు చెప్పేది, స్టూలు మీంచి అతను ప్రశ్నలు వేసేవాడు. "స్తంభం పక్కన పచ్చగా ఉంటుంది, అక్కడ చూడు, పీత అత్తగారుంటుంది" అని చిరునామాలు ఇచ్చేవాడు. ఆమె చెప్పిన దాంట్లో నచ్చని భాగం ఉంటే, "అదేం కుదరదు, ఆ పిల్లకి అప్పుడే పెళ్లేంటి" అని అడ్డుపడేవాడు. ఒక్కోసారి వాళ్లకు నిజంగానే మాటామాటా వచ్చేది, ఉందో లేదో తెలియని ఊళ్లో ఎవరి తప్పు ఎంతో తేలక.

మేడమ్ బృందం వెళ్లిపోయే రోజుకు కూడా సంగతి తేలలేదు. లాంచీ ఎక్కుతూ కూడా ఆమె, మాస్టారు సున్నపురాయి గురించి వాదించుకుంటూనే ఉన్నారు. అయినా ఆయన సూట్‌కేసు ఆమే మోస్తోంది. టైలరమ్మ రేవు దాకా వచ్చి, కుట్టిన సూట్ల కట్ట చేతికిచ్చి, "మళ్లీ వచ్చేటప్పుడు రాళ్లకి కాస్త ఎడంగా ఉండండమ్మాయ్" అని సాగనంపింది.

చలికాలం మొదట్లో బుడుంగు చెవి మరోసారి చూపించుకోవాల్సి వచ్చింది. కూతురు సెలవు పెట్టబోతుంటే, "నువ్వుండు, నేను వెళ్తాను" అంది టైలరమ్మ. కబురు తెలిసి సగం ఊరు రేవులో పోగైంది. పోస్టుమాస్టరు ఆఫీసు మూసి మరీ వచ్చాడు. ఆమె చెక్క మీద ఒక కాలు పెట్టింది. కింద నీళ్లు కదిలాయి. "ఏం చూస్తారు సార్, గుండీ ఊడిపోయేలా ఉంది మీకు" అని పోస్టుమాస్టరు మీద ఒక కేక వేసి, ఆ ఊపులోనే రెండో కాలు కూడా పెట్టేసింది. దారి పొడుగునా బుడుంగు ఆమె ముందు ఒక డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. ఆ డబ్బాకు బాగానే పని పడింది.

పోయిన వినికిడి రాదని, పుండు మాత్రం పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పిందంతా ఆమె విని, అతని ఎడమ చెవిలో మళ్లీ చెప్పింది. ఆసుపత్రి వరండాలో ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు. "ఆ రోజు రాలేకపోయానయ్యా" అంది ఆమె. అతను విన్నాడు. విననట్టు ఊరుకోకుండా, "ఇవాళ వచ్చావుగా" అన్నాడు. వచ్చేటప్పుడు అక్క ఇంటికీ చెల్లెలి ఇంటికీ వెళ్లారు. వాకిట్లో ఆమెను చూసి చెల్లెలు నమ్మలేక తలుపు మళ్లీ వేసి, మళ్లీ తీసింది.

ఇప్పుడు ఆదివారం పొద్దుటిపూట ఆ మడుగు దగ్గర దీవి ఆడవాళ్లంతా చేరుతున్నారు. చుట్టూ నీళ్లున్నా ఈత రాని వాళ్లు ఆ ఊళ్లో ఎంతమందో అప్పుడుగానీ బయటపడలేదు. టైలరమ్మ అందరికీ కొలతలు తీసి ఈతబట్టలు కుట్టింది. నడుంలోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరి వీపు కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పుతోంది. బుడుంగు ఒడ్డున బండ మీద కూర్చుని సలహాలు అరుస్తాడు. వాళ్ల ప్రశ్నలు అతనికి సగం వినపడవు, అతని జవాబులు వాళ్లకు సగం అర్థం కావు, అయినా పాఠం సాగుతుంది.

మొన్న పోస్టుమాస్టరు భార్య నీళ్లలో వణుకుతూ, భయం దాచుకోవడానికి, "బుడుంగు అన్నయ్యా, కింది ఊళ్లో పోస్టాఫీసుందా?" అని అడిగింది.

అదృష్టవశాత్తూ అది వినపడింది. "ఉందమ్మా! కానీ ఆ పోస్టుమాస్టరు కూడా మధ్యాహ్నం నిద్రపోతాడు!"

ఆమె పకపకా నవ్వింది. నవ్వడంలో బిగుసుకున్న ఒళ్లు వదులైంది. టైలరమ్మ ఆమె వీపు కింద చెయ్యి సరిచేసి, "నవ్వితే నవ్వావుగానీ గడ్డం పైకెత్తు వదినా. ఆఁ, అలాగే. ఇప్పుడు కాళ్లాడించు" అంది.